కార్బొరేటర్‌లో పల్చటి రబ్బరు ముక్క, దాని వెనక నూట ఇరవై ఏళ్ళ కథ

నాట్లు అయిపోయినాయి, కలుపుకి ఇంకా వారం టైముంది. అందుకని ఈసారి వరి గురించీ యూరియా గురించీ కాకుండా మన ఇంటి ముందు నిలబడే బండి గురించి రాస్తున్నా. కాస్త పెద్ద పోస్టే, టీ తెచ్చుకుని కూర్చోండి.

ముందు మా బావ సంగతి చెప్పాలి. ఆయనకి 2007 మోడల్ పల్సర్ 180 ఉండేది. మందుకట్టలూ, విత్తనాల మూటలూ, పిల్లల్ని కాలేజీ బస్సు దగ్గర దించడం, అన్నీ దాని మీదే. మూడేళ్ళ కింద దానికొక వింత జబ్బు వచ్చింది. కిక్కు కొడితే స్టార్ట్ అవుతుంది. నిలబడి ఉంటే ఇంజన్ నిదానంగా బాగానే తిరుగుతుంది. ఎక్కి పోతే మాత్రం నలభై దాటదు. ఎంత రేజ్ చేసినా గుర్రుమని మూలుగుతుందే గాని లాగదు. వెనక ఒక్క యూరియా కట్ట వేస్తే కాలవ బ్రిడ్జి ఎక్కలా.

ఒక మెకానిక్ ప్లగ్గు మార్చాడు. ఇంకొకాయన క్లచ్ ప్లేట్లు అన్నాడు, అవీ మార్చారు. మూడో ఆయన ఇంజన్ విప్పి బోరు కొట్టించి పిస్టన్, రింగులు వేశాడు. మొత్తం పదకొండు వేలు పైనే అయింది. జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే. "నా గాచారం ఇట్టా ఉంది బావా, ఇంక దీనికి పెట్టలేను" అని విసుగొచ్చి నాలుగున్నర వేలకి పల్లెపాలెం అబ్బాయి ఒకరికి అమ్మేశాడు. తర్వాత వడ్డీకి తెచ్చి కొత్త బండి తీసుకున్నాడు. ఆ అప్పు ఇంకా కడతానే ఉండాడు.

మరుసటి సంవత్సరం నా బండికీ అదే జబ్బు. నాదీ పల్సర్ 180 యే, సెకండ్ హ్యాండులో కొన్నది. నా అదృష్టం ఏందంటే, నెల్లూరులో ఒక పెద్దాయన దగ్గరికి పోయినా. ఆయన ఇంజన్ జోలికే పోలా. ఎయిర్ ఫిల్టర్ గొట్టం ఊడదీసి, కార్బొరేటర్ నోట్లో వేలు పెట్టి లోపలి స్లైడుని పైకెత్తి వదిలాడు. అది టక్కున పడింది. "చూశావా అబ్బయా, ఇది నెమ్మదిగా దిగాల. డయాఫ్రమ్ పోయింది" అన్నాడు. మూత విప్పి గొడుగు ఆకారంలో ఉన్న నల్లటి రబ్బరుని ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టి చూపించాడు. మడత దగ్గర నువ్వు గింజంత చిల్లి. అందులోంచి వెలుగు చుక్కలాగా కనిపించింది. కొత్త సెట్టు వెయ్యి రూపాయల లోపే. పని అరగంట. ఆ సాయంత్రం ఇంటికొస్తుంటే బండి పాత రోజుల్లోలాగా లాగింది. నాకు మాత్రం సంతోషం సగమే. దారంతా మా బావ పదకొండు వేలే గుర్తొచ్చినాయి.

అప్పట్నుంచి ఈ రబ్బరు ముక్క ఎక్కడిది, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని పట్టుకున్నా. చదువు ఇంటర్‌తో ఆగింది గాని తెలుసుకోవాలనే పిచ్చి ఆగలా. తెలిసింది చెప్తా.

మన పాత బళ్ళు, రాజ్‌దూత్ గానీ, ఆర్‌ఎక్స్ హండ్రెడ్ గానీ, సీడీ హండ్రెడ్, స్ప్లెండర్ గానీ, వాటి కార్బొరేటర్ పద్ధతి తేలిక. రేజ్ తిప్పితే కేబుల్ లాగుతుంది, కేబుల్ నేరుగా స్లైడుని పైకెత్తుతుంది, స్లైడుకున్న సూది పైకి లేచి పెట్రోలుకి దారి ఇస్తుంది. మన కాలవ తూము తలుపుని మనమే చేత్తో ఎత్తినట్టు. దీంట్లో ఒక ఇబ్బంది ఉంది. ఇంజన్ నిదానంగా తిరుగుతున్నప్పుడు ఒక్కసారిగా పూర్తిగా తిప్పేస్తే దారి వెడల్పై గాలి వేగం పడిపోతుంది. పీల్చే బలం లేక పెట్రోలు పైకి రాదు. బండి బొక్కుమని తడబడుతుంది.

డయాఫ్రమ్ ఉన్న కార్బొరేటర్ వేరు. అందులో మన కేబుల్ స్లైడుని ముట్టుకోదు. ఇంజన్ వైపున్న ఒక బిళ్ళలాంటి తలుపుని మాత్రం తిప్పుతుంది. స్లైడు పైన రబ్బరు డయాఫ్రమ్, దాని పైన మూసిన గది. స్లైడు అడుగున సన్న రంధ్రం. ఇంజన్ గట్టిగా పీల్చినప్పుడు ఆ రంధ్రం గుండా పై గదిలో గాలి కూడా లాగేసుకుంటుంది. డయాఫ్రమ్ కింద మాత్రం బయటి గాలే ఉంటుంది. కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ, అందుకని రబ్బరు పైకి ఉబ్బి స్లైడుని ఎత్తుతుంది. ఇంజన్ ఎంత అడిగితే అంతే ఎత్తుతుంది. అంటే మనం తూము ఎత్తమని చెప్తాం, కాలవలో నీళ్ళు చూసి ఎంత ఎత్తాలో లోపలున్న లష్కరు నిర్ణయిస్తాడు. ఆ లష్కరే ఈ డయాఫ్రమ్. దానికి చిల్లి పడితే పై గదిలోకి కింది గాలి దూరిపోతుంది, తేడా పోతుంది, స్లైడు లేవదు. నిలబడి ఉన్నప్పుడు స్లైడుతో పని లేదు, దానికి వేరే చిన్న దారి ఉంది. అందుకే స్టార్టింగూ ఐడిలింగూ బాగుంటాయి, లాగుడు మాత్రం ఉండదు. మా బావ బండి జబ్బు సరిగ్గా ఇదే. ముగ్గురు మెకానిక్కులకీ తట్టలా.

ఇప్పుడు చరిత్ర. ఈ ఆలోచన పుట్టింది మోటారు కంపెనీలో కాదు, చెప్పుల వ్యాపారం ఇంట్లో. లండన్‌లో లిల్లీ అండ్ స్కిన్నర్ అని పేరున్న చెప్పుల కంపెనీ ఉండేది. ఆ కుటుంబంలో జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ అనే ఆయనకి కార్ల పిచ్చి. 1904, 1905 ప్రాంతంలో ఆయన, ఇంజన్ పీల్పుడుతోనే తనంతట తాను లేచి దిగే కార్బొరేటర్ తయారు చేశాడు. ఆ లేచి దిగే పనికి ఆయన వాడింది ఏందో తెలుసా? తోలు తిత్తి. చెప్పుల వాళ్ళింట్లో తోలుకి కొదవేముంది! తర్వాత ఆయనా తమ్ముడూ కలిసి పెట్టిన కంపెనీయే ఎస్‌యూ, అంటే స్కిన్నర్ యూనియన్.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది. మన ఊళ్ళల్లో కమ్మరి కొలిమి తిత్తి అదే తోలు, అదే గాలి పని. ఉదయగిరి వైపు మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో నా చిన్నప్పుడు కపిల తోలేవాళ్ళు. ఎద్దులు వాలులో దిగితే బావిలోంచి నీళ్ళ బాన పైకొచ్చేది, దాని తోలు తొండం తొట్టిలో నీళ్ళు కక్కేది. తొండం చిరిగితే ఎద్దులు ఎంత లాగినా నీళ్ళు దారిలోనే కారిపోయేవి. తాత వెంటనే కూర్చుని కుట్టించేవాడు. ఎద్దు బాగలేదని ఎద్దుని అమ్ముకున్న వాడు మాత్రం ఎవడూ లేడు. చేతి బోరింగులో తోలు వాషరు అరిగినా అంతే, కొట్టిన కొద్దీ గాలే గాని నీళ్ళు రావు. మనకి తెలియని విద్యేమీ కాదిది.

తోలుతో ఇబ్బంది వచ్చింది. ఎండితే బిరుసెక్కుతుంది, పగులుతుంది. తర్వాత స్కిన్నర్లు తిత్తి తీసేసి లోహపు పిస్టన్ పెట్టారు. అది తన డొల్లలో గాలి కారకుండా, అలాగని రాసుకోకుండా తిరగాలి. చాలా సన్నగా, కొలిచినట్టు చెయ్యాల్సిన పని. 1926లో ఈ కంపెనీని మోరిస్ కార్ల యజమాని విలియం మోరిస్ కొనేశాడు. అట్లా ఈ కార్బొరేటర్ ఒక కార్ల కంపెనీ చేతిలోకి పోయింది. మరి పోటీ కంపెనీలు వాళ్ళ దగ్గర ఎన్నాళ్ళని కొంటాయి? 1960ల్లో స్టాండర్డ్ ట్రయంఫ్ వాళ్ళు ఎస్‌యూ పేటెంట్ల జోలికి పోకుండా అదే పని చేసే స్ట్రామ్‌బర్గ్ కార్బొరేటర్ తెచ్చారు. బిగుతుగా కోసిన లోహం బదులు అందులో పల్చటి రబ్బరు పొర పెట్టారు. ఇద్దరు వ్యాపారుల పోటీలోంచి మన రబ్బరు ముక్క ఊడిపడింది. తోలు తిత్తితో మొదలైన పని చుట్టూ తిరిగి మళ్ళీ మెత్తటి పొర దగ్గరికే వచ్చిందన్నమాట.

మోటార్ సైకిళ్ళల్లో ఈ పద్ధతిని హోండా వాళ్ళు 1965లో సీబీ 450 అనే బండి మీద తెచ్చారు. కైహిన్ కార్బొరేటర్లు పెట్టారు. 1969లో జర్మనీ బీఎండబ్ల్యూ వాళ్ళు ఆర్75 బండికి డయాఫ్రమ్ ఉన్న బింగ్ కార్బొరేటర్లు పెట్టారు. ఆ కాలంలో మన దగ్గర ఏముందో గుర్తుచేసుకోండి. 1955 నుంచి మద్రాసులో బుల్లెట్లు, 1961 నుంచి మైసూరులో జావాలు, ఆ తర్వాత రాజ్‌దూత్‌లు. మా ఊళ్ళో రెండే మోటార్ సైకిళ్ళు ఉండేవని మా నాయన చెప్పేవాడు. మిగతా అందరికీ సైకిలూ ఎద్దుల బండే. 1972లో లూనా, 1980లో టీవీఎస్ ఫిఫ్టీ వచ్చాకే పాల క్యాన్లూ గడ్డి మోపులూ ఇంజన్ ఎక్కినాయి.

1985 ఒక పెద్ద సంవత్సరం. సీడీ హండ్రెడ్ వచ్చింది, ఆర్‌ఎక్స్ హండ్రెడ్ వచ్చింది. అదే ఏడు చెన్నైలో యుకాల్ కంపెనీ పుట్టింది. జపాన్ మికుని వాళ్ళ సాంకేతిక సాయంతో కార్బొరేటర్లు చేసే కంపెనీ అది. చెన్నై దాటి చెంగల్పట్టు పోయే దారిలో మరైమలై నగర్ అని వస్తుంది, ఫ్యాక్టరీ అక్కడ. అంటే మన నెల్లూరు నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరే దూరం.

మన సముద్రపు ఒడ్డు ఊళ్ళల్లో బళ్ళు నిండింది రొయ్యల డబ్బుతో. 1990ల మొదట్లో చెరువు గట్ల మీద ఆర్‌ఎక్స్ హండ్రెడ్ల మోత మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1994, 95లో తెల్లమచ్చ తెగులొచ్చి చెరువులు ఖాళీ అయినాయి, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. ఆర్‌ఎక్స్ హండ్రెడ్ తయారీ ఆగిందీ 1996లోనే, మైసూరు యెజ్డీ మూతపడిందీ ఆ ఏడే. వాటికీ వీటికీ సంబంధం లేదులెండి. బళ్ళు ఆగడానికి అసలు కారణాల్లో పొగ రూల్స్ ఒకటి. 1996లో ఒకసారి, 2000లో ఇంకోసారి బిగించారు. నూనె కలిపి కాల్చే టూ స్ట్రోక్ బండి ఆ లెక్కలకి తూగలేక పోయింది.

ఫోర్ స్ట్రోక్ బళ్ళు పెద్దవి మొదలయ్యాక డయాఫ్రమ్ మన వాకిట్లోకి వచ్చింది. 2001లో పల్సర్, 2003లో దాని డీటీఎస్‌ఐ, అదే ఏడు కరిజ్మా, 2004లో యూనికార్న్, 2008లో ఎఫ్‌జెడ్. 2009 తర్వాతి క్లాసిక్ 350 బుల్లెట్టులో కూడా ఇదే. పొగ తక్కువ, మైలేజీ ఎక్కువ, లాగుడు మెత్తన. మంచిదే. కానీ చిన్న ఊళ్ళల్లో మెకానిక్కులు నేర్చుకున్నది ఆర్‌ఎక్స్ హండ్రెడ్ మీద, రాజ్‌దూత్ మీద. కేబుల్ లాగితే స్లైడు లేవాలి, లేవకపోతే కేబుల్ చూడాలి, అంతే వాళ్ళకి తెలిసింది. లాగడం లేదంటే ఇంజన్ అరిగిందనే లెక్క. వాళ్ళని తిట్టి లాభం లేదు. కంపెనీలు బండి అమ్మినంత దూరం ఆ విద్యని పంపలేదు, అదీ నా బాధ.

ఇంకొక తేదీ చెప్తా, మీకు బాగా గుర్తుండేది. 2017 మార్చి 29. ఏప్రిల్ ఒకటి నుంచి బీఎస్ త్రీ బళ్ళు అమ్మకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మిగిలిన రెండు రోజులు షోరూముల ముందు తిరనాళ్ళే. వేలకి వేలు తగ్గించి ఇచ్చారు. మన మండలంలో కూడా ఎంతమంది ఆ రోజు నెల్లూరు పరిగెత్తారో! ఆ బళ్ళకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు దాటింది. వాటిలో డయాఫ్రమ్ ఉన్న వాటికి రబ్బరు వయసు అయిపోయే కాలం ఇదే. ఈ పోస్టు అసలు రాస్తున్నది వాళ్ళ కోసమే. 2020 ఏప్రిల్‌లో బీఎస్ సిక్స్ వచ్చాక కొత్త బళ్ళు చాలావరకు ఇంజెక్షన్‌కి మారినాయి, కార్బొరేటర్ కథ షోరూములో దాదాపు ముగిసింది. మన ఇళ్ళ ముందు ఇంకా ముగియలేదు.

ఇక పెట్రోల్లో ఇథనాల్ మాట. దీని గురించి అందరూ అడుగుతారు. 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాల్లో అయిదు శాతం కలపడం మొదలుపెట్టారు, మన ఆంధ్ర కూడా అందులో ఉంది. 2022లో దేశమంతా పది శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరి నుంచి ఇరవై శాతం బంకులకి రావడం మొదలైంది. ఇరవై శాతానికి తట్టుకునే రబ్బర్లూ గొట్టాలూ కొత్త బళ్ళకి 2023 ఏప్రిల్ నుంచి పెడుతున్నారు. పాతవాటికి ఆ భరోసా లేదు. ఇథనాల్ నీళ్ళని పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరుని ఉబ్బిస్తుంది. అయితే నా డయాఫ్రమ్‌ని ఇథనాలే తినేసిందని నేను చెప్పను. అది తడిసేది పెట్రోల్లో కాదు, తగిలేది ఆవిరి మాత్రమే. పైగా పదిహేనేళ్ళ రబ్బరు, లక్షసార్లు మడతపడి లేచింది. మన ఉప్పుగాలి, మన ఎండ. తోడుగా 2021 నవంబరు పెన్నా వరదలో నా బండి రెండు రోజులు నీళ్ళల్లో ఉండింది.

ఇందులో మనకి ఇంకో తిరకాసు ఉంది. ఆ ఇథనాల్ వచ్చేది మన చెరుకు నుంచి, మన బియ్యం నుంచి, మొక్కజొన్న నుంచి. ధర రావాలంటే ఇథనాల్ కావాలి. పాత బండి బతకాలంటే అది తక్కువ ఉండాలి. కోవూరు చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళయింది కాబట్టి చెరుకు లాభం మన దాకా రాలా, రబ్బరు ఖర్చు మాత్రం అందరికీ వచ్చింది. నేను ఇథనాల్‌కి వ్యతిరేకిని కాదు. పాత బండి ఉన్న రైతుకి ఏ రబ్బరు మార్చుకోవాలో బంకు దగ్గర ఒక కాగితం అంటించి ఉంటే బాగుండేదని మాత్రం అనుకుంటా.

సరే, మార్చే పని. చేయి తిరిగిన మెకానిక్ ఉంటే ఆయన చేతికే ఇవ్వండి, పక్కన నిలబడి చూడండి. సొంతంగా చేసేవాళ్ళకి రెండు మూడు సంగతులు. ముందు ట్యాంకు కుళాయి కట్టెయ్యండి. మూత స్క్రూలు మెత్తటివి, సరిపోయే స్క్రూడ్రైవర్ లేకపోతే తలలు అరిగిపోతాయి. మూత కింద స్ప్రింగు ఉంటుంది, ఎగరకుండా చేత్తో ఒత్తి పట్టుకోవాలి. సూది ఎటు నుంచి వచ్చిందో, దాని మీదున్న చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఏ వరసలో ఉందో ఫోన్లో ఫొటో తీసుకోండి. నేను తీయకుండా ఒకసారి అరగంట తల గోక్కున్నా.

అందరూ తప్పు చేసేది రబ్బరు అంచు దగ్గర. అంచుకి ఒక చిన్న చెవిలాంటిది ఉంటుంది, అది దాని గుంటలోనే కూర్చోవాలి. వేలితో కింద నుంచి స్లైడుని కాస్త పైకెత్తి పట్టుకుంటే అంచు గాడిలో చక్కగా పరుచుకుంటుంది. అప్పుడు స్ప్రింగు, తర్వాత మూత. అంచు ఏమాత్రం నలిగినా కొత్త డయాఫ్రమ్ కూడా మొదటి రోజే కోసుకుపోతుంది. ఇంకోటి, దీన్ని పెట్రోల్లోనో స్ప్రే మందుతోనో కడగొద్దు. ఉబ్బి గాడిలో పట్టదు. పొరపాటున కడిగితే నీడలో కొన్ని గంటలు ఆరబెట్టండి, మళ్ళీ సర్దుకుంటుంది. సైకిల్ ట్యూబు ప్యాచీ, గమ్ము వెయ్యడం దండగ. అతికిన చోట గట్టిపడుతుంది, పక్కనే ఇంకో చిల్లి పడుతుంది.

కొనే ముందు పరీక్ష కూడా చెయ్యండి. డబ్బు పెట్టకుండా తేలిపోతుంది. ఫిల్టర్ గొట్టం తీసి, ఇంజన్ ఆన్ చేసి, ఎవరినైనా రేజ్ ఇమ్మని మీరు కార్బొరేటర్ నోట్లోకి చూడండి. ముఖం, తువ్వాలు దూరంగా ఉంచండి, దుమ్ములో చెయ్యొద్దు. రేజ్‌తో పాటు స్లైడు లేస్తుంటే డయాఫ్రమ్ బాగున్నట్టే. అప్పుడు కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టం పగిలిందేమో చూడండి. లేవకపోతే రబ్బరు విప్పి ఎండకి పట్టండి, కొంచెం సాగదీసి, ముఖ్యంగా మడతల దగ్గర.

గడ్డి కోసే బ్రష్ కట్టర్ ఉన్నవాళ్ళకీ ఒక మాట. దాని కార్బొరేటర్‌లోనూ డయాఫ్రమ్‌లు ఉంటాయి, కానీ పని వేరు. అక్కడ పల్చటి పొర పెట్రోలుని పంపు చేస్తుంది. మిషను ఎటు వంచినా ఆగకుండా ఉండాలని 1950 ప్రాంతంలో అమెరికాలో చెట్లు కోసే రంపాల కోసం తెచ్చిన పద్ధతి అది. అక్కడ పొర నిజంగానే పెట్రోల్లో నానుతుంది. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టండి. లేకపోతే మళ్ళీ తీసేటప్పటికి పొర అట్టముక్క అయిపోయి ఉంటుంది.

మా బావకి ఈ సంగతి నేను చెప్పలేదు చాలా రోజులు. చెప్తే ఏం లాభం, ఇంకా బాధపడతాడని. చివరికి ఆయనే చెప్పాడు. బండి కొన్న పల్లెపాలెం అబ్బాయి రబ్బరు ఒక్కటి మార్చుకుని నడుపుతున్నాడంట. మెకానిక్ వేసిన కొత్త పిస్టన్, కొత్త క్లచ్ ప్లేట్లు, అన్నీ ఆ అబ్బాయికి ఉచితం. మొన్న శనివారం మైపాడు రోడ్డులో కనిపించింది, నంబరు చూసి గుర్తుపట్టా. వెనక రెండు చేపల పెట్టెలు కట్టుకుని, నా బండిని దాటుకుని వెళ్ళిపోయింది.